ఒక పేరు చాటున ఐదు సాలీళ్ళు
(అడవి తోడేలు సాలీడు – వర్గీకరణ, గుర్తింపు)

– హాస్టల్ పూర్వ విద్యార్థి, జంతుశాస్త్ర అధ్యాపకుడు



బైపీసీలో చేరినవాళ్ళంతా మొదటి సంవత్సరంలోనే రాజ్యం, వర్గం, విభాగం, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి అని వరుసగా అప్పజెబుతారు. పరీక్షలో రెండు మార్కులు వస్తాయి, అంతటితో ఆ పాఠం అయిపోతుంది. ఆ మెట్లలో చిట్టచివరి మెట్టు దగ్గర, అంటే జాతి దగ్గర, ఎంత తంటా ఉందో మాత్రం పాఠ్యపుస్తకం చెప్పదు. రెండు జీవులు ఒకే జాతివా, వేర్వేరు జాతులవా అన్నది ఎవరు తేల్చాలి? దేన్ని చూసి తేల్చాలి? కంటికి ఒకేలా కనిపిస్తే ఒకే జాతి అనేయవచ్చా?

ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి పులినో ఏనుగునో తీసుకోనక్కరలేదు. ఐరోపా ఖండపు అడవుల్లో ఎండుటాకుల మీద పరుగెత్తే అర సెంటీమీటరు సాలీడు ఒకటి ఉంది. 1802లో దానికి పేరు పెట్టారు. ఆ తరువాత దాదాపు రెండు వందల ఏళ్ళపాటు శాస్త్రజ్ఞులు అడవిలో దాన్ని పట్టుకోవడం, సీసాలో వేయడం, అదే పేరు రాసి అతికించడం చేస్తూ వచ్చారు. 2000 సంవత్సరం వచ్చేసరికి ఆ ఒక్క పేరు కింద ఐరోపాలోనే కనీసం ఐదు జాతులు కలిసిపోయి ఉన్నాయని బయటపడింది. అది మన అడవుల సాలీడు కాదు. అయినా జాతిని గుర్తించడం అంటే ఏమిటో నేర్చుకోవడానికి అంత మంచి పాఠం నాకు మరొకటి కనబడలేదు. అందుకే ఈ సంచికకు దాని గురించే రాస్తున్నాను.

సాలె నేయని సాలీడు

ముందుగా ఒక మాట. వాడుకలో సాలెపురుగు అంటున్నాం గాని సాలీడు పురుగు కాదు. కీటకాలకు ఆరు కాళ్ళు, సాలీడుకు ఎనిమిది. కీటకం దేహంలో తల, వక్షం, ఉదరం అని మూడు భాగాలుంటాయి. సాలీడుకు తల, వక్షం కలిసిపోయి శిరోవక్షం ఒకటి, ఉదరం ఒకటి, మొత్తం రెండే భాగాలు. రెక్కలుండవు, స్పర్శశృంగాలుండవు. తేలు, గోమారి, నల్లి జాతి మైట్లు దీనికి దగ్గరి చుట్టాలు. బొద్దింక దూరపు చుట్టం.

సాలె అంటే నేతగాడు. నేస్తుంది కాబట్టి సాలీడు అన్నారు మన పెద్దలు. కానీ ప్రపంచంలో ఇంతవరకు పేర్లు పెట్టిన 52 వేలకు పైగా సాలీడు జాతుల్లో గూడు అల్లకుండా తిరిగి వేటాడేవి చాలా ఉన్నాయి. అలాంటివాటిలో ఒక పెద్ద కుటుంబం తోడేలు సాలీళ్ళది. దీన్ని లైకోసిడే కుటుంబం అంటారు. గ్రీకు భాషలో లైకోస్ అంటే తోడేలు. నేలమీద పరుగెత్తి ఆహారాన్ని పట్టుకుంటాయి కనుక ఆ పేరు వచ్చింది. తోడేళ్ళలాగా గుంపుగా వేటాడతాయని కొందరు రాస్తారు గాని అది నిజం కాదు. ప్రతి సాలీడూ తన వేట తానే చూసుకుంటుంది. ఈ కుటుంబంలో 2,400కు పైగా జాతులున్నాయి.

గూడు అల్లకపోయినా దారం మాత్రం వదలదు. నడిచే దారిలో వెనకాల సన్నని పోగు వదులుతూ పోతుంది. గుడ్లు పెట్టి వాటి చుట్టూ పట్టు సంచి చుడుతుంది. ఆ పోగు సంగతి గుర్తుంచుకోండి, కథలో తరువాత అదే ముఖ్యమవుతుంది. ఇంకో విషయం, ఈ కుటుంబంలోనే మన దేశంలో ఉండే హిప్పాసా అనే ప్రజాతి గడ్డిలో గరాటు ఆకారపు గూడు అల్లుతుంది. తెల్లవారుజామున మంచు పడి పచ్చికమీద తెల్లగా గుడ్డ పరిచినట్టు కనిపించేవాటిలో దీని గూళ్ళు కూడా ఉంటాయి. ప్రకృతిలో మనం గీసిన ప్రతి గీతనూ దాటిపోయేది ఒకటి ఉంటూనే ఉంటుంది.

కుటుంబాన్ని పట్టిచ్చేవి కళ్ళు

హాస్టల్ గదుల్లో మనకు రోజూ కనిపించే సాలీళ్ళు రెండు మూడు రకాలు. గోడమీద అరచేతి వెడల్పున కాళ్ళు పరుచుకుని కూర్చుని, లైటు వేయగానే పీతలాగా పక్కకు పరుగెత్తేది ఒకటి. కిటికీ చట్రం మీద ఆగి ఆగి గెంతుతూ, దగ్గరికెళితే మనవైపే తిరిగి చూసేది ఒకటి. బాత్‌రూమ్ మూలల్లో సన్నని పొడుగాటి కాళ్ళతో తలకిందులుగా వేలాడేది మరొకటి. వీటిలో ఏదీ తోడేలు సాలీడు కాదు. ఆ సంగతి నమ్మకంగా ఎలా చెప్పగలం?

కళ్ళను బట్టి చెబుతాం. చాలా సాలీళ్ళలాగే దీనికీ ఎనిమిది కళ్ళు. అవి మూడు వరుసల్లో ఉంటాయి. ముందు వరుసలో నాలుగు చిన్న కళ్ళు. దానిపైన రెండు పెద్ద కళ్ళు, లారీ హెడ్‌లైట్లలాగా ముందుకు చూస్తుంటాయి. వాటికి వెనకగా నడినెత్తిమీద ఎడంగా మరో రెండు. నాలుగు, రెండు, రెండు. ఈ లెక్క కుదిరితే లైకోసిడే అని చాలావరకు చెప్పేయవచ్చు. గోడమీది పెద్ద సాలీడుకు కళ్ళు నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో ఉంటాయి. గెంతే సాలీడుకు పెద్ద కళ్ళు ముందు వరుసలో మధ్యన ఉంటాయి.

రెండో గుర్తు తల్లి దగ్గర దొరుకుతుంది. తోడేలు సాలీడు తల్లి తన గుడ్ల సంచిని ఉదరం చివర, దారం వచ్చే చోట అతికించుకుని ఈడ్చుకుంటూ తిరుగుతుంది. గోడమీది సాలీడు తల్లి బిళ్ళలాంటి సంచిని పొట్ట కింద పట్టుకుంటుంది. పైసారిడే అనే మరో కుటుంబంలో తల్లి నోటితో కరచి మోస్తుంది. పిల్లలు తయారయ్యాక తోడేలు సాలీడు తల్లి సంచి అంచు కుట్టును తానే విప్పుతుంది. పిల్లలన్నీ బయటికొచ్చి ఆమె వీపెక్కి కొన్నాళ్ళు అక్కడే ఉంటాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫాబ్రే ఒక పెద్ద తోడేలు సాలీడు దగ్గర గుడ్ల సంచి తీసేసి, దాని బదులు అంతే సైజు బిరడా ముక్కను గుండ్రంగా చెక్కి ఇస్తే ఆ తల్లి దాన్నే అతికించుకుని తిరిగిందట. పాపం, చూపు అంత గొప్పదైనా సంచి విషయంలో అది చూపుమీద ఆధారపడదన్నమాట.

మూడో గుర్తు చీకట్లో తెలుస్తుంది. టార్చిలైటును మీ కంటి పక్కన, కణతకు ఆనించి పట్టుకుని పచ్చిక మీదకు వేయండి. పది పదిహేను అడుగుల దూరంలో ఆకుపచ్చగా, తెల్లగా చుక్కలు తళుక్కుమంటాయి. మంచు బిందువులు కూడా మెరుస్తాయిగాని మీరు కదిలితే ఆరిపోతాయి, సాలీడు కళ్ళు మాత్రం మీరు చూస్తున్నంతసేపూ వెలుగుతుంటాయి. వెనక రెండు వరుసల కళ్ళలో వెలుతురును తిప్పికొట్టే పొర ఉంది. రాత్రిపూట బర్రె కళ్ళు, పిల్లి కళ్ళు మెరిసేది కూడా ఇలాంటి పొర వల్లే. ఈ ప్రయోగం చేయడానికి కాంపౌండులోనే చాలినంత పచ్చిక ఉంటుంది. కాళ్ళకు బూట్లు వేసుకోండి, వార్డెన్ గారికి చెప్పి వెళ్ళండి. సాలీడుకు కాదు, తేలుకూ పాముకూ భయపడాలి.

పేరులో ఉన్న వ్యాకరణం

కుటుంబం తేలాక ప్రజాతి. మన అడవి సాలీడు పార్డోసా ప్రజాతికి చెందింది. జర్మనీ అటవీశాఖలో ఉద్యోగం చేస్తూ సాలీళ్ళ బొమ్మలు వేసిన కార్ల్ లుడ్విగ్ కోఖ్ ఈ ప్రజాతిని 1847లో ఏర్పరచాడు. పార్డోస్ అంటే చిరుత. ఈ ప్రజాతిలో 500కు పైగా జాతులున్నాయి. సన్నని దేహం, ముళ్ళున్న పొడుగాటి కాళ్ళు, అందులోనూ వెనక జత మరీ పొడుగు, ముఖం నిటారుగా గోడ కట్టినట్టు ఉండడం పార్డోసా లక్షణాలు. పగటిపూట ఎండలో తిరిగే సాలీళ్ళివి. ఎక్కువభాగం బయలు ప్రదేశాల్లో, పొలాల్లో, ఏటి ఒడ్డుల్లో ఉంటాయి. మనం చెప్పుకునే గుంపు మాత్రం చెట్ల నీడను ఎంచుకుంది. ఓక్, బీచ్ వంటి చెట్లు ఆకు రాల్చే అడవుల్లో, ముఖ్యంగా అడవి అంచుల్లో, చెట్ల మధ్య ఎండ పడే ఖాళీ జాగాల్లో, రాలిన ఆకులమీద వసంతకాలంలో వందలకొద్దీ పరుగెడుతుంటాయి.

పారిస్ పరిసరాల జీవుల మీద రాసిన పుస్తకంలో వాల్కనేర్ అనే ఫ్రెంచి పండితుడు 1802లో దీనికి లుగుబ్రిస్ అని పేరు పెట్టాడు. లాటిన్‌లో ఆ మాటకు శోకంలో ఉన్నది, దిగులైనది అని అర్థం. నల్లని రంగు చూసి అలా అని ఉంటాడు. ఆయన దాన్ని అప్పట్లో అన్ని సాలీళ్ళనూ వేసే అరేనియా అనే ప్రజాతిలో వేశాడు. తరువాత పార్డోసాకు మార్చారు. అందుకే ఇవాళ దాని పూర్తి పేరు ఇలా రాస్తారు: పార్డోసా లుగుబ్రిస్ (వాల్కనేర్, 1802). ఈ బ్రాకెట్టు అలంకారం కోసం పెట్టింది కాదు. జాతికి పేరు పెట్టినవాడు మొదట వేరే ప్రజాతిలో పెట్టాడని, ఆ తరువాత ప్రజాతి మారిందని దానికి అర్థం. బ్రాకెట్టు లేకపోతే మొదటినుంచీ అదే ప్రజాతి అని అర్థం. పరీక్షలో ఎవరూ అడగరుగాని, ఇది తెలిస్తే పేరు చూడగానే సగం చరిత్ర తెలిసిపోతుంది.

ఇంకో చిన్న విశేషం. జంతువుల పేర్ల లెక్క 1758లో వచ్చిన లిన్నేయస్ పుస్తకం పదో ముద్రణతో మొదలవుతుంది. అంతకుముందు పెట్టిన పేర్లు చెల్లవు. దీనికి ఒకే ఒక్క మినహాయింపు ఉంది, అది సాలీళ్ళది. స్వీడన్‌కు చెందిన క్లెర్క్ 1757లోనే సాలీళ్ళ మీద మంచి పుస్తకం అచ్చువేశాడు. ఆ పేర్లను వదులుకోవడం ఇష్టంలేక నియమావళిలోనే ఆయన పుస్తకానికి ప్రత్యేక స్థానం ఇచ్చారు. జంతుశాస్త్రంలో లిన్నేయస్ కంటే ముందు నిలబడ్డ గౌరవం సాలీళ్ళకే దక్కింది.

తాళం, తాళంచెవి

ఇక అసలు చిక్కు. లుగుబ్రిస్ గుంపులోని మగదాన్ని చూస్తే వీపుమీద, అంటే శిరోవక్షం నడుమ, వెడల్పాటి తెల్లని పట్టీ ఉంటుంది. రెండు పక్కలా నలుపు. నోటి పక్కన ఉండే పొట్టి కాళ్ళవంటి పెడిపాల్ప్‌లు నల్లగా ఉంటాయి. ఆడది గోధుమ రంగులో ఉంటుంది, పట్టీ కొంచెం మాసినట్టుంటుంది. ఇంతవరకు గుర్తుపట్టడం తేలికే. అయితే ఈ వర్ణన గుంపు మొత్తానికీ సరిపోతుంది. అందులో ఏ జాతో దీనివల్ల తెలియదు.

సాలీళ్ళలో జాతిని తేల్చడానికి రంగును నమ్మరు. ఒకే తల్లి పిల్లల్లోనే ఒకటి నల్లగా, ఒకటి ఎర్రగా ఉండవచ్చు. ఆల్కహాల్‌లో వేస్తే రంగు ఎలాగూ వెలిసిపోతుంది. చూడవలసినవి జననాంగాలు. మగదాని పెడిపాల్ప్ చివర బాక్సింగ్ గ్లవ్వులాగా ఉబ్బి ఉంటుంది. ఆ ఉబ్బులో మడతలు, కొక్కేలు, పళ్ళు ఉంటాయి. ఆడదాని ఉదరం అడుగున ఎపిజైన్ అనే గట్టి ఫలకం ఉంటుంది. ప్రతి జాతి మగదాని నిర్మాణం ఆ జాతి ఆడదాని ఫలకానికే అమరుతుందని పాతకాలపు శాస్త్రజ్ఞులు తాళం, తాళంచెవి పోలిక చెప్పారు. ఆ పోలిక అన్నిచోట్లా నిలవదని ఇప్పుడు తెలిసినా, గుర్తింపుకు మాత్రం ఈ భాగాలే ఆధారం. అవి పూర్తిగా ఏర్పడేది చివరిసారి కుబుసం విడిచాకనే. కాబట్టి పిల్ల సాలీడును చూపించి ఇదే జాతో చెప్పమంటే ఎంత పెద్ద నిపుణుడైనా చాలాసార్లు ప్రజాతి దగ్గర ఆగిపోవలసిందే. చెప్పలేనని ఒప్పుకునేవాడి మాటే ఈ శాస్త్రంలో విలువైనది.

లుగుబ్రిస్ విషయంలో ఈ తాళంచెవి కూడా మొరాయించింది. వేర్వేరు అడవుల నుంచి తెచ్చిన మగవాటి పాల్ప్‌లు సూక్ష్మదర్శిని కింద దాదాపు ఒకేలా ఉన్నాయి. చిన్న చిన్న తేడాలున్నా అవి ఒకే జాతిలో ఉండే సహజమైన తేడాలనుకున్నారు. నిజానికి కోఖ్ 1833లోనే అలాక్రిస్, అంటే చురుకైనది, అని వేరొక పేరు పెట్టాడు. తరువాతివాళ్ళు దాన్ని లుగుబ్రిస్‌లోనే కలిపేశారు. స్వీడన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంకు చెందిన టోర్బ్యోర్న్ క్రోనెస్టెట్ 1992లో పాత నమూనాలు, కొత్త నమూనాలు పక్కపక్కన పెట్టి చూసి అలాక్రిస్ వేరే జాతేనని నిలబెట్టాడు. 1999లో ఆయనే మధ్య ఐరోపా నుంచి బేరోరమ్ అనే మరో జాతిని వేరుచేశాడు. కోఖ్ చూసిన తేడా నిజమేనని ఒప్పుకోవడానికి నూట యాభై తొమ్మిదేళ్ళు పట్టిందన్నమాట.

నాట్యం చెప్పిన సాక్ష్యం

మిగిలిన ముడి విప్పింది జర్మనీలోని ఎర్లాంగెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు. అక్కడి ఓటో ఫన్ హెల్వర్సన్ గబ్బిలాల మీద, మిడతల పాటల మీద పనిచేసిన శాస్త్రజ్ఞుడు. మిడతల్లో చూడ్డానికి ఒకేలా ఉన్న జాతులు పాటలో తేడాగా ఉంటాయి. ఆ అనుభవం ఉన్నవాళ్ళకు సాలీళ్ళను చూసినప్పుడు ఆకారాన్ని మాత్రమే కాక నడవడికను కూడా చూడాలని తోచడం సహజమే.

తోడేలు సాలీడు మగది ఆడదాని దగ్గరికి ఊరికే వెళ్ళదు. వెళితే ఆహారమైపోయే ప్రమాదం ఉంది. ముందుగా తాను ఎవరో తెలియజేసుకోవాలి. ఆడది నడిచిపోయిన దారిలో వదిలిన పోగు చెప్పాను కదా, ఆ పోగుమీద ఉండే వాసన తగలగానే మగది ఆగి నాట్యం మొదలుపెడుతుంది. నల్లని పాల్ప్‌లు ఎత్తుతుంది, దించుతుంది. ముందుకాళ్ళు వణికిస్తుంది. ఉదరాన్ని అదిలిస్తుంది. ఆ అదురు ఎండుటాకుల గుండా ఆడదాని కాళ్ళకు చేరుతుంది. పాల్ప్ ఎప్పుడు ఎత్తాలి, ఎన్నిసార్లు అదరాలి, ఎంతసేపు ఆగాలి అన్న వరుస ప్రతి జాతికీ పుట్టుకతో వచ్చినదే. ఎవరూ నేర్పరు.

ట్యోఫర్-హాఫ్‌మన్, కోర్డెస్, ఫన్ హెల్వర్సన్ కలిసి లుగుబ్రిస్ గుంపు మగవాటి నాట్యాలను పోల్చిచూశారు. పాల్ప్‌లలో అంతంతమాత్రం తేడా ఉన్నవాటి నాట్యాలు పూర్తిగా వేరుగా ఉన్నాయి. ఒక రకం ఆడదాని ముందు వేరే రకం మగదాన్ని వదిలితే జత కుదరలేదు. మనకు తెలియని తేడా వాటికి తెలుసు! జాతి అంటే తమలో తాము జతకట్టి సంతానం పొందే గుంపు అని మనం చదివిన నిర్వచనం ఇక్కడ అక్షరాలా కళ్ళముందు నిలబడింది. 2000లో వాళ్ళు అచ్చువేసిన వ్యాసంలో రెండు కొత్త జాతులకు పేర్లు పెట్టారు. ఒకటి సాల్టన్స్, అంటే నాట్యమాడేది. రెండోది గ్రీసు నుంచి పెర్టినాక్స్, అంటే పట్టువదలనిది. దిగులుగా ఉందనుకున్న సాలీడులోంచి నాట్యమాడేది బయటికి రావడం నాకు ఈ కథలో బాగా నచ్చిన భాగం. ఈ పేరు చివర బ్రాకెట్టు ఉండదని మీకు ఇప్పుడు తెలుసు: పార్డోసా సాల్టన్స్ ట్యోఫర్-హాఫ్‌మన్, 2000.

నాట్యం తేడా తెలిశాక మళ్ళీ సూక్ష్మదర్శిని దగ్గరికి వెళ్ళారు. ఏది ఏ జాతో ముందే తెలుసు కాబట్టి ఈసారి పాల్ప్‌లోని చిన్న తేడాల్లో ఏవి లెక్కలోకి వస్తాయో, ఏవి రావో తెలిసింది. చచ్చిన నమూనాను కూడా గుర్తించడానికి దారి దొరికింది. ఆడవాటిని వేరుచేయడం మాత్రం ఇప్పటికీ కష్టమే. జన్యుపరీక్ష చేస్తే సరిపోదా అని మీరడగవచ్చు. మంచి ప్రశ్నే. కానీ ఈమధ్యకాలంలో విడిపోయిన జాతుల్లో ఒక చిన్న జన్యుభాగం చదివితే తేడా కనిపించకపోవచ్చు. అందుచేత ఆకారం, నడవడిక, జన్యువు మూడూ పెట్టుకుని తేల్చాలి.

పాత సీసాల గతి ఏమిటి?

ఒక జాతి ఐదైనప్పుడు పాత పేరు ఐదింటికీ చెల్లదు. ఒక్కదానికే ఉంటుంది. మరి రెండు వందల ఏళ్ళుగా "లుగుబ్రిస్" అని రాసిన లెక్కలన్నీ ఏమైనట్టు? ఫలానా అడవిలో లుగుబ్రిస్ ఎక్కువ, ఫలానా నెలలో గుడ్లు పెడుతుంది, ఇన్ని డిగ్రీల వేడి తట్టుకుంటుంది అని ఎందరో కష్టపడి రాశారు. వాళ్ళు చూసింది ఏ సాలీడు?

ఇక్కడ శ్రమ రెండు రకాలుగా తేలింది. నమూనాను సీసాలో దాచి, ఊరు, తేదీ రాసినవాళ్ళ పని నిలిచింది. సీసా తీసి మళ్ళీ చూస్తే అది సాల్టన్సో, అలాక్రిసో తెలిసిపోతుంది. కాగితం మీద పేరు మాత్రం రాసుకుని సాలీళ్ళను పారేసినవాళ్ళ లెక్కలు "లుగుబ్రిస్ గుంపు" అన్న గుంపులో గోవిందా అయిపోయాయి. బ్రిటన్‌లో ఇలా మళ్ళీ చూసినప్పుడు అక్కడి అడవుల్లో చాలాచోట్ల ఉన్నది సాల్టన్స్ అని, అసలు లుగుబ్రిస్ స్కాట్లాండ్ వైపు ఉందని తేలింది. దేశమంతటా మామూలే అనుకున్న జీవి నిజానికి ఒక మూలకు పరిమితమైనదని తెలిస్తే ఆ మూలనున్న అడవి విలువే మారిపోతుంది కదా. పేరు తప్పయితే కాపాడవలసినదాన్ని కాపాడుకోవలసిన అవసరం కూడా తెలియదు.

చీటీ మీద రాసిన ఊరు ఎంత పని చేస్తుందో మన రాయలసీమలోనే ఒక ఉదాహరణ ఉంది. అది తోడేలు సాలీడు కాదు, చెట్టు తొర్రల్లో ఉండే నీలిరంగు పెద్ద సాలీడు, పీసిలోథీరియా మెటాలికా. అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్నిబట్టి పోకాక్ అనే ఆంగ్లేయుడు 1899లో వర్ణించాడు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా ఎవరికీ కనిపించలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్ళీ దొరికింది. గుత్తికి అది కలపతోపాటు రైల్లో వచ్చి ఉంటుందని ఇప్పుడు అనుకుంటున్నారు. అంతరించిపోయే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో అదిప్పుడు ఉంది.

మన పార్డోసా

అడవి పార్డోసా గురించి ఇంత చెప్పి మన పొలంలోని పార్డోసాను వదిలేస్తే బాగుండదు. వరిచేలో నీళ్ళమీద, దుబ్బుల మొదళ్ళలో చకచకా పరుగెత్తే గోధుమరంగు సాలీడును నాట్లకో కలుపుకో దిగినవాళ్ళంతా చూసే ఉంటారు. ఆసియా వరిపొలాల్లో ప్రసిద్ధమైన ఆ తోడేలు సాలీడు పార్డోసా సూడోయాన్యులేటా. శిరోవక్షం మీద పంగలకర్ర ఆకారంలో లేత రంగు గుర్తు ఉంటుంది. సుడిదోమను, పచ్చదోమను పట్టి తింటుంది. నాట్లు పడిన కొద్దిరోజులకే చేలోకి చేరుతుంది. అవసరం లేకుండా మందు కొడితే దోమకంటే ముందు ఇది చస్తుంది. ఆ తరువాత దోమ మరింత పెరుగుతుంది. ఇళ్ళకు వెళ్ళినప్పుడు అమ్మకూ నాన్నకూ ఈ మాట చెప్పండి.

దీని పేరుకూ కథ ఉంది. 1906లో జపాన్ నుంచి వర్ణించారు. 1980లలో వరి మీద వచ్చిన పుస్తకాల్లో లైకోసా సూడోయాన్యులేటా అని కనిపిస్తుంది, ఇప్పుడు పార్డోసా అంటున్నారు. రెండూ ఒకే సాలీడు. పాత వ్యవసాయ పుస్తకం చదివేటప్పుడు ఇది తెలియకపోతే రెండు వేర్వేరు సాలీళ్ళనుకునే అవకాశం ఉంది. ఒక పేరు కింద అనేక జాతులుండడం ఒక చిక్కయితే, ఒక జాతికి అనేక పేర్లుండడం రెండో చిక్కు. రెండింటికీ మందు ఒకటే, నమూనా దగ్గరికి వెళ్ళి చూడడం.

మన దేశపు తోడేలు సాలీళ్ళ మీద టికాదర్, మల్హోత్రా 1980లో రాసిన పెద్ద గ్రంథాన్ని జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అచ్చువేసింది. ఇప్పటికీ అదే మొదటి ఆధారం. అందులోని చాలా జాతులకు ఆడదాని వర్ణనో మగదాని వర్ణనో ఒక్కటే ఉంది, జత తెలియదు. నల్లమలలో, పాపికొండల్లో, ఆదిలాబాద్ టేకు అడవుల్లో ఎండుటాకులమీద తిరిగే పార్డోసాల నాట్యాన్ని కూర్చుని చూసే పని మీలో ఎవరైనా ఎమ్మెస్సీకి వచ్చాక చేయవచ్చు. పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఎర్లాంగెన్ వాళ్ళు చూసింది కూడా ముఖ్యంగా కళ్ళతోనే.

ఇప్పుడే మొదలుపెట్టాలనుకునేవారికి పద్ధతి చెబుతాను. చేత్తో పట్టుకోవద్దు. కరిస్తే పెద్ద ప్రమాదమేమీ లేదుగాని సాలీడు కాళ్ళు విరిగిపోతాయి. గాజు గ్లాసు బోర్లించి కింద అట్టముక్క దూర్చండి. కళ్ళ వరుసలు లెక్కపెట్టి, ఫోటో తీసుకుని వదిలేయండి. గుడ్ల సంచి ఉన్న తల్లిని అసలు పట్టవద్దు. ఫోటోతో కుటుంబం తెలుస్తుంది, ఒక్కోసారి ప్రజాతి తెలుస్తుంది. జాతి తెలియాలంటే ఎదిగిన నమూనా కావాలి. అది కాలేజీ లెక్చరర్ గారి పర్యవేక్షణలో, 70 శాతం ఆల్కహాల్‌లో దాచవలసినది. రక్షిత అడవుల్లో అటవీశాఖ అనుమతి లేకుండా ఏదీ పట్టకూడదు. చీటీని పెన్సిలుతో రాసి సీసా లోపలే వేయాలి. సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. సీసా బయట అతికిస్తే జిగురు ఊడిపోతుంది. చీటీలో ఊరు, మండలం, జిల్లా, తేదీ, ఎలాంటి చోట దొరికింది (టేకు ఆకులమీదా, వరి గట్టునా, కాలువ ఒడ్డునా), ఎవరు పట్టారు అన్నవి ఉండాలి. సాలీడు పేరు మాత్రం వేరే చీటీమీద రాయండి. మొదటి చీటీని ఎవరూ మార్చకూడదు. రెండో చీటీని మీ తరువాత చూసినవాళ్ళు మారుస్తారు.